ఈల పట్టిన ఉపాధ్యాయుడు: కెన్ ఆస్టన్

ఉర్దూలో న్యాయమునకు ఇన్సాఫ్ అని పేరు. న్యాయము చెప్పువాడు మున్సిఫ్. ఈ మాటయే మన తెలుగు గ్రామాలకు వచ్చి మునసబు అయి, ఎన్నో తరాలపాటు రచ్చబండపై కూర్చున్నది. ఈ రెండు మాటలకును మూలమైన అరబ్బీ ధాతువునందు సగము అను అర్థము గలదు. అనగా ఉభయ పక్షాలకును సరిసమానముగా పంచి ఇచ్చువాడే మున్సిఫ్. తెలుగులో అతనినే తీర్పరి అంటాము. తగవును తీర్చువాడు కనుక తీర్పరి. ఈ రెండు భాషలును కలిసి మెలిసి వర్ధిల్లుచున్న కళాశాలలో చదువుకొనుచున్న మనకు, ఈ రెండు మాటలును కలిసినప్పుడు గాని న్యాయము యొక్క పూర్ణ స్వరూపము గోచరింపదు. సరిగా పంచవలెను, ఆలస్యము చేయక తీర్చవలెను.

న్యాయస్థానములో తీర్పరికి సాక్షులు గలరు, న్యాయవాదులు గలరు, వాయిదాలు గలవు. క్రీడా మైదానములోని తీర్పరికి ఇవి ఏవియు లేవు. అతని చేతిలో ఒక ఈల, జేబులో ఒక చిన్న పుస్తకము, కాళ్లలో ఉన్నంత సత్తువ మాత్రమే అతని సాధన సంపత్తి. కన్ను మూసి తెరచునంతలో జరిగిన దానిని చూచి, అది తప్పా కాదా, తప్పయినచో ఎంతటి తప్పు, ఎవరిది అని అతడు నిర్ణయింపవలెను. అతని చుట్టును వేలాది జనులు అరచుచుందురు. వారిలో ప్రతి ఒక్కరును తానే బాగుగా చూచితినని నమ్ముదురు. ఇట్టి కష్టమైన పదవిలో పేరుపొందిన ఒక వ్యక్తి జీవితమును మన విద్యార్థి మిత్రుల ముందుంచవలెనని ఈ వ్యాసమును సంకల్పించినాము. ఆయన పేరు కెన్నెత్ జార్జ్ ఆస్టన్. లోకము ఆయనను కెన్ ఆస్టన్ అని పిలిచినది.

ఫుట్‌బాల్ చూచువారిలో ఈ పేరు తెలిసినవారు కొద్దిమందియే కావచ్చును. కాని ఆయన సృష్టించిన పసుపు కార్డును, ఎర్ర కార్డును ఎరుగనివారు లేరు. హైదరాబాదులోని లాల్ బహదూర్ స్టేడియము మొదలుకొని మారుమూల పాఠశాల మైదానము వరకు, బంతి ఆడుచోటనెల్ల ఆ రెండు రంగులకు ఒక్కటే అర్థము. అయితే ఆ కార్డులు ఒక విజయము నుండి పుట్టినవి కావు. అందరి కన్నుల ఎదుట న్యాయము తడబడిన ఒకటి రెండు సందర్భాల నుండి పుట్టినవి. ఆస్టన్ జీవితములో మనము నేర్చుకొనవలసిన పాఠము అక్కడనే ఉన్నదని మా అభిప్రాయము.

బాల్యము, విద్య, యుద్ధము

ఆస్టన్ 1915 సెప్టెంబరు 1న ఇంగ్లండులోని ఎసెక్స్ మండలములో కోల్చెస్టర్ పట్టణమున జన్మించారు. ఎక్సెటర్ నగరములోని సెయింట్ లూక్స్ కళాశాలలో విద్యాభ్యాసము చేసి ఉపాధ్యాయ వృత్తిని చేపట్టారు. ఈ కళాశాలకు ఫుట్‌బాల్ చరిత్రలో ఒక ప్రత్యేక స్థానము గలదు. ఆట నిబంధనలను 1938లో సులభమైన భాషలో తిరిగి వ్రాసిన స్టాన్లీ రౌస్ కూడ అక్కడ చదివినవారే. రౌస్ కూడ మొదట ఉపాధ్యాయుడు, పిమ్మట రిఫరీ. 1961 నుండి 1974 వరకు ఆయన ప్రపంచ ఫుట్‌బాల్ సమాఖ్య అయిన ఫిఫాకు అధ్యక్షులుగా ఉన్నారు. పాఠము చెప్పువానికిని ఈల వేయువానికిని ఏదో బంధుత్వము ఉన్నట్లు ఈ ఇద్దరి జీవితములు మనకు తోపింపజేయుచున్నవి.

1936లో ఆస్టన్ రిఫరీగా అర్హత పొందారు. కొలది సంవత్సరములకే రెండవ ప్రపంచ యుద్ధము వచ్చినది. చీలమండకు తగిలిన దెబ్బ కారణముగా వైమానిక దళము ఆయనను తీసికొనలేదు. అందువలన ఫిరంగి దళములో చేరి, అక్కడి నుండి నాటి బ్రిటిషు ఇండియా సైన్యమునకు మారి, యుద్ధాంతమునకు లెఫ్టినెంట్ కల్నల్ హోదాను అందుకొన్నారు. మన దేశపు సైన్యముతో ఆయనకు ఈ విధముగా సంబంధము ఏర్పడినది. యుద్ధము ముగిసిన పిమ్మట సింగపూరులోని చాంగీ యుద్ధ నేరముల విచారణ సభలో కూడ ఆయన పనిచేశారు. యుద్ధఖైదీలను హింసించిన వారిపై వచ్చిన ఆరోపణలను విచారించిన సభ అది. అక్కడ సాక్ష్యము వినవలెను, తూచవలెను, తీర్పు ఫలితము ఒకని ప్రాణము కూడ కావచ్చును. ఇట్టి అనుభవము గల మనిషి తరువాత బంతి ఆటలో తీర్పరి అయ్యారని మనము గుర్తుంచుకొనవలెను.

నల్లని దుస్తులు, పచ్చని జెండాలు

స్వదేశమునకు తిరిగి వచ్చిన ఆస్టన్ మరల బడిలోను, మైదానములోను తన పనిని కొనసాగించారు. 1953లో ఇల్‌ఫర్డ్ ప్రాంతములోని న్యూబరీ పార్క్ పాఠశాలకు ప్రధానోపాధ్యాయులైనారు. వారములో అయిదు రోజులు పసిపిల్లల నడుమ, వారాంతములో పెద్దపిల్లల నడుమ ఆయన జీవితము సాగినదని చెప్పవచ్చును. రెండు చోట్లను ఆయన పని ఒక్కటియే. మాటను అందరికి అర్థమగునట్లు చెప్పవలెను, చెప్పిన మాటపై నిలువవలెను.

చిన్న విషయములను సరిదిద్దుట ఆయన స్వభావము. అంతకు పూర్వము రిఫరీలు కోటు ధరించి మైదానమున తిరుగుట వాడుక. 1946లో ఆస్టన్ తెల్లని అంచులు గల నల్లని దుస్తులను ధరించారు. ఆటగాండ్ర రంగులలో కలిసిపోకుండ తీర్పరి ఎక్కడ ఉన్నాడో అందరికి కనబడునట్లు చేసిన ఆ దుస్తులు క్రమముగా ప్రపంచమంతట రిఫరీల గుర్తయినవి. మరుసటి సంవత్సరము ఇంకొక మార్పు. గీత వెంట పరుగెత్తు లైన్స్‌మన్‌లు అప్పటి వరకు స్థానిక జట్టు రంగులోని చిన్న జెండాలను పట్టుకొనెడివారు. ఇంగ్లండులో పొగమంచు దట్టముగా పట్టిన దినములలో ఆ జెండా ఎత్తినదియు దింపినదియు రిఫరీకి కానరాకుండెడిది. ఆస్టన్ వాటికి బదులు మెరయు పసుపుపచ్చ జెండాలను వాడించారు. మంచులో కూడ అవి స్పష్టముగా కనబడినవి.

ఈ రెండు సంగతులును పైకి అల్పముగా తోచును. కాని వీటిలో ఒక సూత్రము దాగి ఉన్నది. న్యాయము జరిగినంత మాత్రమున చాలదు, జరిగినదని అందరికిని కనబడవలెను. ఈ సూత్రమును న్యాయశాస్త్రము చదువుకొనువారు పుస్తకములలో నేర్చుకొందురు. ఆస్టన్ దానిని గుడ్డముక్కలతో, రంగులతో ఆచరణలో పెట్టారు.

ఫౌల్‌ను ఎట్లు నిర్ణయింతురు?

ముందు జరిగిన కథను అర్థము చేసికొనుటకు రిఫరీ పని ఎట్టిదో కొంత తెలిసికొనవలెను. ఫుట్‌బాల్‌కు పదునేడు నిబంధనలు మాత్రమే గలవు. వాటిలో పన్నెండవది తప్పులకును దుష్ప్రవర్తనకును సంబంధించినది. ఇద్దరు ఆటగాండ్రు ఢీకొన్నంత మాత్రమున తప్పు కాదు. ఈ ఆటలో శరీరములు తాకుట సహజము. ఎట్లు తాకినవి అన్నదే ప్రశ్న. నేటి నిబంధనల ప్రకారము అందులో మూడు మెట్లు గలవు. అజాగ్రత్తగా చేసినచో ఎదుటి జట్టుకు ఫ్రీ కిక్ మాత్రమే. ఎదుటివానికి అపాయమగునన్న ఆలోచన లేక తెగించి చేసినచో ఫ్రీ కిక్‌తో పాటు హెచ్చరిక, అనగా పసుపు కార్డు. అవసరమునకు మించిన బలమును ప్రయోగించి ఎదుటివాని శరీరమునకు ప్రమాదము తెచ్చినచో బహిష్కారము, అనగా ఎర్ర కార్డు.

ఆస్టన్ కాలములో ఈ మెట్లు ఇంత స్పష్టముగా లేవు. తప్పు చేసినవాని ఉద్దేశమును రిఫరీ ఊహింపవలసి ఉండెడిది. 1990వ దశకము మధ్యలో ఆ పద్ధతిని సవరించి, మనసులోని ఉద్దేశమునకు బదులు కంటికి కనబడిన చర్యకు ప్రాధాన్యము ఇచ్చారు. మరియొక చిక్కు గలదు. తప్పు జరిగినను, ఈల వేసి ఆటను ఆపుట వలన తప్పు చేసిన జట్టుకే లాభము కలుగునని తోచినచో రిఫరీ ఆటను సాగనీయవచ్చును. దీనికి అడ్వాంటేజ్ అని పేరు. చూచువారు దీనిని నిర్లక్ష్యమనుకొందురు. నిజమునకు అది మిక్కిలి నేర్పుతో కూడిన తీర్పు.

ఇవన్నియు తెలిసినను రిఫరీకి ఒకేసారి రెండు చోట్ల చూచు శక్తి లేదు. అందుకే మైదానమునకు ఒక మూల నుండి ఎదుటి మూలకు ఐమూలగా పరుగెత్తుచు, లైన్స్‌మన్ ఒక వైపు, తాను మరియొక వైపు ఉండి ఆట నడుమ నిలుచునట్లు చూచుకొనుట ఒక పద్ధతి. దీనిని ప్రచారములోనికి తెచ్చినవారు రౌస్. ఎంత పద్ధతి ఉన్నను, బంతి ఒకచోట ఉండగా దాని వెనుక జరిగిన పిడిగుద్దు రిఫరీ కంట పడకపోవచ్చును. తరచుగా జరుగునది ఏమనగా, మొదటి దెబ్బ కనబడదు, దానికి బదులుగా తిరిగి కొట్టినవాడు మాత్రము పట్టుబడును. ఆస్టన్ జీవితములోని అతి కష్టమైన దినమున జరిగినది ఇంచుమించు ఇదే.

శాంటియాగో, 1962 జూన్ 2

1962లో ప్రపంచ కప్ పోటీలు చిలీ దేశములో జరిగినవి. రెండేండ్ల క్రిందట, 1960 మే నెలలో, చిలీని మహా భూకంపము కుదిపివేసినది. యంత్రములతో కొలువబడిన భూకంపములలో అంతకు మించినది నేటికిని లేదు. అట్టి విపత్తు నుండి లేచి, ఉన్నదంతయు కూడగట్టుకొని ఆ దేశము పోటీలను నిర్వహించినది. ఆ సమయమున ఇటలీకి చెందిన ఇద్దరు పత్రికా రచయితలు శాంటియాగో నగరపు పేదరికమును, అక్కడి జనుల జీవితమును కించపరచుచు వ్రాసిన వ్యాసములు చిలీ వారికి తెలిసినవి. ప్రజలలో కోపము రగిలినది. ఆ కోపము నడుమనే చిలీ, ఇటలీ జట్లు తలపడవలసి వచ్చినది.

ఆ పోటీలలో మే 30న చిలీ, స్విట్జర్లాండ్‌ల ప్రారంభ ఆటను ఆస్టన్ చక్కగా నిర్వహించి ఉన్నారు. జూన్ 2వ తేదీ ఆటకు కూడ ఆయననే నియమించారు. నేషనల్ స్టేడియములో అరువది ఆరు వేలమంది ప్రేక్షకులు. ఆట మొదలైన కొన్ని క్షణములకే మొదటి ఫౌల్. పన్నెండవ నిమిషములో చిలీ ఆటగాడు లాండాను తన్నినందుకు ఇటలీకి చెందిన ఫెర్రీనిని ఆస్టన్ బయటకు పొమ్మన్నారు. అతడు పోనన్నాడు. ఒక వైపు స్పానిష్, ఒక వైపు ఇటాలియన్, నడుమ ఇంగ్లీషు మాటలాడు తీర్పరి. వాదము పెరిగినది. చివరకు పోలీసులు వచ్చి అతనిని లాగుకొనిపోవలసి వచ్చినది. ఆట చాలాసేపు నిలిచిపోయినది.

పిమ్మట జరిగినది ఇంకను విచారకరము. గీత దగ్గర పడియున్న చిలీ ఆటగాడు లియోనెల్ సాంచెజ్‌ను ఇటలీకి చెందిన మారియో డేవిడ్ కాలితో తన్నగా, సాంచెజ్ లేచి అతనిని పిడికిలితో కొట్టినాడు. ఆస్టన్ అతనిని బయటకు పంపలేదు. కొద్ది నిమిషములకు డేవిడ్ పగతో గాలిలోనికి ఎగిరి సాంచెజ్ తలకు తగులునట్లు కాలు విసిరినాడు. అతనిని మాత్రము పంపివేసినారు. ఇటలీకి తొమ్మిదిమంది మిగిలినారు. మరియొక సంఘటనలో సాంచెజ్ దెబ్బకు ఇటలీ ఆటగాడు మాస్కియో ముక్కు విరిగినది. దానికిని శిక్ష లేదు. ఆ కాలమున ప్రపంచ కప్ ఆటలలో గాయపడినవానికి బదులు మరియొకరిని దింపు నియమము కూడ లేదు. పోలీసులు మైదానములోనికి పలుమారులు రావలసి వచ్చినది. రెండవ సగములో 73వ నిమిషమున రామిరెజ్, 87వ నిమిషమున టోరో గోలు చేయగా చిలీ 2-0తో గెలిచినది. చరిత్రలో ఈ ఆటకు శాంటియాగో యుద్ధమని పేరు నిలిచిపోయినది.

ఆస్టన్ పక్షపాతి యా?

ఇటలీ వారు ఈ ప్రశ్నను అడిగినారు. వారి బాధ నిరాధారమని మేము అనజాలము. ఇటలీ నుండి ఇద్దరు బహిష్కృతులు, చిలీ నుండి ఒక్కడును లేడు. పిడిగుద్దు గుద్దినవాడు ఆట చివరి వరకు నిలిచినాడు. ఆ ఆట తరువాత ఇటలీ ఆ పోటీల నుండి నిష్క్రమింపవలసి వచ్చినది. చిలీ మూడవ స్థానము వరకు సాగినది. సాంచెజ్ ఆ పోటీలలో అత్యధిక గోలులు చేసినవారిలో ఒకడైనాడు. ఓడినవాని కంటితో చూచినచో ఈ అంకెలన్నియు ఒకే వైపు వేలు చూపుచున్నవి.

రెండవ వైపు కూడ చూడవలెను. ఆ దెబ్బలు తన వీపు వెనుక జరిగినవని, లైన్స్‌మన్ నుండి తనకు ఆ సమాచారము అందలేదని ఆస్టన్ తరువాత వివరించారు. ఆటను మధ్యలో రద్దు చేయవలెనని తలచియు, అట్లు చేసినచో ఉద్రేకముతో ఉన్న జనుల నడుమ ఇటలీ ఆటగాండ్ర ప్రాణములకు రక్షణ ఉండదని వెనుదీసినట్లు కూడ చెప్పుకొన్నారు. ఈ మాట నిజమైనచో ఆయన ఒక చిన్న న్యాయమును వదలుకొని ఒక పెద్ద అనర్థమును తప్పించారనుకొనవలెను. కాని దెబ్బతిన్న ఆటగానికి ఆ లెక్కతో ఓదార్పు కలుగదు. కనబడని తప్పునకు శిక్ష వేయరాదు అన్నది ధర్మము. కనబడకపోవుట వలన ఒక పక్షమే నష్టపోయినచో దానిని న్యాయమనుటయు సాధ్యము కాదు. ఈ రెండు మాటలును ఒకేసారి నిజము కావచ్చును. మైదానములోని తీర్పరి బరువు ఇదే.

మా దృష్టిలో ఆస్టన్ పక్షపాతి కారు. ఆయన ఆనాడు కన్నులు చాలని మనిషి, మాట చేరని మనిషి. ఆ పోటీలలో ఆయన మరల ఈల వేయలేదు. ఆ ఆట చలనచిత్రము కొన్ని దినములకు విమానముపై ఇంగ్లండు చేరి దూరదర్శినిలో ప్రసారమైనప్పుడు లక్షలాదిమంది దానిని చూచి తల పట్టుకొన్నారు. మరియొకరైనచో అంతటితో ఈల పక్కన పెట్టియుందురు. ఆస్టన్ అట్లు చేయలేదు. 1963 మే 25న వెంబ్లీ మైదానమున మాంచెస్టర్ యునైటెడ్ జట్టు లెస్టర్ సిటీని 3-1తో ఓడించిన ఎఫ్.ఏ. కప్ తుది ఆటకు ఆయనయే రిఫరీ. తదనంతరము ఫిఫా రిఫరీల సంఘములో ఎనిమిది సంవత్సరములు సభ్యులుగాను, అందులో నాలుగు సంవత్సరములు అధ్యక్షులుగాను పనిచేశారు. 1966, 1970, 1974 ప్రపంచ కప్‌లలో రిఫరీల బాధ్యత ఆయనకు అప్పగింపబడినది.

వెంబ్లీలో ఒక సాయంకాలము

1966 జూలై 23న ఇంగ్లండు, అర్జెంటీనా జట్ల మధ్య క్వార్టర్ ఫైనల్ ఆట. రిఫరీ పశ్చిమ జర్మనీకి చెందిన రుడాల్ఫ్ క్రైట్‌లైన్. 35వ నిమిషములో అర్జెంటీనా నాయకుడు ఆంటోనియో రాటిన్‌ను ఆయన బయటకు పంపినారు. క్రైట్‌లైన్‌కు స్పానిష్ రాదు, రాటిన్‌కు జర్మన్ రాదు. దుబాసీ కావలెనని రాటిన్ పట్టుబట్టి కదలకుండ నిలిచినాడు. శాంటియాగోలో ఫెర్రీని నిలిచిన విధము మరల ఆస్టన్ కన్నుల ఎదుట జరిగినది. ఈసారి ఆయన రిఫరీ కారు, రిఫరీలపై అధికారి. తానే మైదానములోనికి వచ్చి నచ్చచెప్పవలసి వచ్చినది. ఆట చాలా నిమిషములు ఆగి, చివరకు హర్స్ట్ చేసిన ఒక్క గోలుతో ఇంగ్లండు గెలిచినది.

కథ అంతటితో ముగియలేదు. ఆ ఆటలో ఇంగ్లండుకు చెందిన చార్ల్‌టన్ సోదరులిద్దరి పేర్లును రిఫరీ పుస్తకములోనికి ఎక్కినవని పత్రికలు వ్రాసినవి. మైదానములో ఆ సంగతి స్పష్టముగా తెలియలేదు. ఇంగ్లండు శిక్షకుడు ఆల్ఫ్ రామ్సే ఫిఫాను అడిగి తెలిసికొనవలసి వచ్చినది. ఇంతకన్న వింత ఏమున్నది? ముద్దాయికే తెలియని తీర్పు! అప్పటి పద్ధతి ప్రకారము హెచ్చరికయు బహిష్కారమును నోటిమాటతోనే జరిగెడివి. భాష తెలిసినవానికి అర్థమగును, తెలియనివానికి కాదు. ప్రేక్షకునికి అసలే తెలియదు.

ఆ సాయంకాలము వెంబ్లీ నుండి కారులో ఇంటికి పోవుచు ఆస్టన్ ఈ విషయమునే ఆలోచించుచున్నారు. లండనులోని కెన్సింగ్టన్ హై స్ట్రీట్‌లో కూడలి దీపము పసుపుపచ్చ నుండి ఎరుపునకు మారినది. కారు ఆగినది. ఆలోచన మాత్రము ముందుకు సాగినది. పసుపు అనగా నెమ్మదించుము, ఎరుపు అనగా ఆగుము. ఈ రెండు మాటలకు ఏ దేశములోనైనను దుబాసీ అక్కరలేదు. ఇంటికి చేరి భార్య హిల్డాతో చెప్పగా, ఆమె రంగు కాగితపు అట్టతో చొక్కా జేబులో ఇముడునట్లు రెండు కార్డులు కత్తిరించి ఇచ్చినదని చెప్పుదురు. ప్రపంచములోని కోట్లాది ఆటగాండ్రు తలవంచిన శాసనము ఒక గృహిణి చేతి కత్తెరతో రూపు దాల్చినదన్నమాట.

కార్డుల ప్రస్థానము

1970 మే 31న మెక్సికోలో ఆరంభమైన ప్రపంచ కప్‌లో ఈ కార్డులు మొదటిసారిగా ప్రవేశించినవి. ఆతిథేయ జట్టుకును సోవియట్ యూనియన్‌కును జరిగిన మొదటి ఆటలోనే పసుపు కార్డులు పైకి లేచినవి. ఎర్ర కార్డు మాత్రము ఆ పోటీలంతట ఒక్కసారియైనను జేబు వదలి రాలేదు. ప్రపంచ కప్‌లో మొదటి ఎర్ర కార్డు 1974 జూన్ 14న పశ్చిమ బెర్లినులో కనబడినది. దానిని ఎత్తినవారు టర్కీ దేశపు రిఫరీ దోగాన్ బాబాజాన్. దానిని చూచినవాడు కార్లోస్ కాస్జెలీ. అతడు చిలీ ఆటగాడు. పన్నెండేండ్ల క్రిందట ఏ జట్టులో ఒక్కనికిని శిక్ష పడలేదని లోకము వాపోయినదో, ఆ జట్టువానికే మొదటి ఎర్ర కార్డు దక్కుట చరిత్ర చేసిన చమత్కారము.

ఆస్టన్ స్వదేశము మాత్రము తొందరపడలేదు. ఇంగ్లండు లీగ్ ఆటలలో 1976లో కార్డులను ప్రవేశపెట్టి, రిఫరీలు వాటిని మితిమీరి వాడుచున్నారన్న అసంతృప్తితో 1981లో విరమించి, 1987లో మరల తెచ్చినారు. ఇంటి గెలుపు ఆలస్యముగా వచ్చుట గొప్పవారికందరికి పరిపాటియే. కాలక్రమమున హాకీ, రగ్బీ, వాలీబాల్, హ్యాండ్‌బాల్ వంటి ఇతర క్రీడలు కూడ కార్డుల భాషను స్వీకరించినవి.

ఆస్టన్ సంస్కరణలు వీటితో ఆగలేదు. రిఫరీ గాయపడినచో ఆట చెడకుండ ఒక ప్రత్యామ్నాయ రిఫరీని ముందుగానే నియమించు పద్ధతిని 1966లో ఆయన ప్రవేశపెట్టారు. నేడు గీత వెలుపల నిలుచు నాలుగవ అధికారి ఆ ఏర్పాటు నుండి ఎదిగినవాడే. ఆటగాండ్ర మార్పును తెలుపు అంకెల పలక 1974లో ఆయన తెచ్చినదే. బంతిలో గాలి ఎంత ఉండవలెనో నిబంధనలలో చేర్పించినవారును ఆయనయే. ప్రతిదానిలోను ఒకే తపన కనబడును. ఎవరికిని సందేహము మిగులరాదు.

వృద్ధాప్యములో ఆయన అమెరికాకు తరచుగా వెళ్లి అక్కడి బాలబాలికల ఫుట్‌బాల్ సంస్థకు రిఫరీలను తయారుచేయు శిక్షకులుగా పనిచేశారు. ప్రపంచ కప్ ఈల వేసిన మనిషి, పదేండ్ల పిల్లల ఆటకు ఈల వేయు తల్లిదండ్రులకు పాఠములు చెప్పుటను చిన్నతనముగా భావింపలేదు. 1997లో బ్రిటిషు ప్రభుత్వము ఆయనను ఎం.బి.ఇ. బిరుదముతో సత్కరించినది. 2001 అక్టోబరు 23న, ఎనుబది ఆరవ ఏట, ఆయన ఇహలోకమును వీడినారు.

మనకు మిగిలినది

నేడు రిఫరీకి తోడుగా యంత్రములు వచ్చినవి. బంతి గోలు గీతను దాటినదా లేదా అని తెలుపు పరికరములు 2014 ప్రపంచ కప్‌లో వాడుకలోనికి వచ్చినవి. 2018 ప్రపంచ కప్‌లో వీడియో సహాయ రిఫరీ పద్ధతి ప్రవేశించినది. గోలులు, పెనాల్టీలు, నేరుగా ఇచ్చు ఎర్ర కార్డులు, ఒకనికి బదులు మరియొకనిని శిక్షించిన సందర్భములు, ఈ నాలుగింటిని చిత్రములలో తిరిగి చూడవచ్చును. ఈ సౌకర్యము 1962లో ఉన్నచో సాంచెజ్ పిడికిలి దాగెడిది కాదు. అయినను వివాదములు ఆగలేదు. చిత్రమును పదిమారులు చూచినను, ఆ తాకిడి అజాగ్రత్తయా, తెగింపా, క్రూరత్వమా అని తేల్చవలసినది మనిషియే. కన్ను యంత్రముది కావచ్చును, మనస్సాక్షి మాత్రము మనిషిది.

మన కళాశాలల మధ్య ఆటలు జరుగునప్పుడు కూడ ఈ సమస్య రాకపోదు. ఓడిన జట్టు రిఫరీని దూషించుట, గెలిచిన జట్టు అతనిని మరచిపోవుట సర్వసామాన్యమైనది. ఒకరు ఉర్దూలో, ఒకరు తెలుగులో, మరియొకరు ఇంగ్లీషులో అరచుచుండగా, మన తోటి విద్యార్థియో, వ్యాయామ ఉపాధ్యాయుడో ఒంటరిగా ఈల పట్టుకొని నిలుచును. అతడు ఎత్తిన పసుపు కార్డు మాత్రము మూడు భాషలవారికిని ఒకేసారి అర్థమగును. ఆ క్షణమున ఆస్టన్ మన మైదానములోనే ఉన్నట్లు భావింపవచ్చును.

అందుచేత విద్యార్థి సోదర సోదరీమణులకు మా మనవి ఒకటి గలదు. పదకొండుమందిలో ఒకరు కావలెనని అందరును కోరుకొందురు. ఇరువది ముగ్గురిలో ఆ ఇరువది మూడవవాడు కావలెనని కోరువారు అరుదు. జట్టులో చోటు దొరకనివారు, పరుగు ఉన్నను గోలు వేయు నేర్పు లేనివారు ఈల పట్టుట నేర్చుకొనవచ్చును. కళాశాల కార్యవర్గము వారు కూడ ప్రతి సంవత్సరము ఆటగాండ్రకు ఇచ్చు శిక్షణతో పాటు, నిబంధనలు తెలిసిన కొద్దిమంది విద్యార్థి రిఫరీలను తయారుచేయించినచో అది కప్పుల బీరువాలో కనబడని గొప్ప బహుమానమగును. బాగుగా ఆడువారికి చప్పట్లు తప్పక లభించును. తీర్పు బాగుగా చెప్పువానికి లభించునది తరచుగా నిశ్శబ్దము మాత్రమే. ఆట సాఫీగా సాగినదనుటకు ఆ నిశ్శబ్దమే సాక్ష్యము.

ఏ తీర్పరియు దోషరహితుడు కాడు. తన తీర్పు అందరికిని చేరకపోయిన దినమును చూచిన పిమ్మట ఏమి చేసినాడు అన్నదే తీర్పరి కొలమానము. ఆస్టన్ శాంటియాగో నుండి తిరిగి వచ్చి ఎవరిని నిందించుచు కూర్చుండలేదు. తన తరువాత వచ్చు తీర్పరికి తన కష్టము రాకుండ ఉండుటకు ఉపాయము వెదకినాడు. రెండు రంగుల అట్టముక్కలలో ఆ ఉపాయము లభించినది. ఇన్సాఫ్ అనగా సరిగా పంచుట, తీర్పు అనగా తగవును తీర్చుట అని మొదట చెప్పుకొన్నాము. ఈ రెండింటికిని ఆస్టన్ మూడవ గుణమును చేర్చారు. అది అందరికిని తెలియునట్లు చెప్పుట.